మా ఇంట్లో అందరికీ గ్యాసే

సాయంత్రం ఏడింటికి మా నాన్న వంటింట్లో నిలబడి, స్టీలు గ్లాసులో ఉన్న నీళ్ళని కాకరకాయ పులుసుని చూసినట్టు చూస్తున్నారు. మర్నాడు పదకొండింటికి కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష. ప్యాకెట్‌లో పొడిని రెండు లీటర్ల నీళ్ళలో కలిపి, పది పదిహేను నిమిషాలకి ఒక గ్లాసు చొప్పున సగం ఇప్పుడు, మిగతా సగం తెల్లవారుజామున తాగాలి. రుచి ఎలా ఉందని అడిగితే "నిమ్మకాయ సోడాలోంచి సోడా తీసేసి ఉప్పు ఎక్కువేసినట్టుంది" అన్నారు. మూడో గ్లాసు దగ్గర బేరం మొదలైంది. ఇది రేపు తాగుతాలే, పేగులు ఈపాటికి శుభ్రమయ్యే ఉంటాయి, మా కాలంలో ఆముదం తాగిస్తే సరిపోయేది, ఇలా. నేను కదల్లేదు. ఎందుకంటే లోపల శుభ్రంగా లేకపోతే డాక్టరు గారికి ఏమీ కనపడదు, మళ్ళీ ఇంకో రోజు ఇదే రెండు లీటర్లు మొదటినుంచీ తాగాలి. ఆ మాట చెప్పాక గటగటా తాగేశారు.

గంటదాకా ఏమీ లేదు. ఆ తర్వాత మొదలైంది. మొదటిసారి పేపరు పట్టుకుని వెళ్ళారు, నాలుగోసారికి పేపరు వదిలేశారు.

ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళెవరైనా ఇదే చెప్తారు, పరీక్ష కంటే ముందు రోజు రాత్రే పెద్ద పరీక్ష. మాకు పనికొచ్చిన చిట్కాలు కొన్ని: ఆ నీళ్ళు ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా తాగితే వాసన తెలియదు, స్ట్రాతో అయితే ఇంకా నయం. ముందు రెండు రోజులూ ఆకుకూరలు, జామకాయ, టమాటా, వంకాయ, గింజలున్నవేవీ పెట్టలేదు, ఇడ్లీ, పెరుగన్నం, చారన్నంతో గడిపేశాం. ఎర్ర రంగు డ్రింకులు వద్దన్నారు, లోపల అది రక్తంలా కనపడొచ్చట. ఐరన్ మాత్రలు వాడుతుంటే వారం ముందే ఆపమంటారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళయితే ఆ సంగతి అపాయింట్‌మెంట్ రోజే చెప్పాలి, పరీక్ష రోజు పొద్దున కాదు. చివరికి వచ్చేది మూత్రంలా పసుపుగా, తేటగా ఉండాలి. తెల్లవారుజామున ఆరున్నరకి నాన్న బాత్రూంలోంచి "తేటగా వస్తోందిరా!" అని కేకేశారు, నా డిగ్రీ రిజల్ట్ వచ్చినప్పుడు కూడా ఆయన గొంతులో అంత సంతోషం వినలేదు.

అసలు నాన్నని అంతదాకా తీసుకెళ్ళడం మా వల్ల అయ్యే పని కాదు. ఆయన్ని మార్చింది అమ్మకి జరిగిన సంగతి.

మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. మెడ కిందనుంచి నడుం పైదాకా ఎక్కడ నొప్పొచ్చినా దాని పేరు గ్యాస్. ఛాతీలో మంటొస్తే గ్యాస్ పైకి తన్నింది, వీపులో పట్టేస్తే గ్యాస్ పట్టేసింది, ఆకలి లేకపోతే గ్యాస్ నిండిపోయింది. దానికి వాము నమలడం, లేదంటే ఈనో, అదీ కాదంటే మందుల షాపులో అడిగి తెచ్చుకునే పాన్ 40, యాసిడ్ తగ్గించే మాత్ర. మీ ఇంట్లో కూడా ఇంతేననుకుంటాను. అమ్మకి ఏడాదిగా రాత్రిళ్ళు నొప్పొచ్చేది. పెళ్ళిభోజనం చేసిన రోజు, గారెలు వండిన రోజు, తిన్న గంటా రెండు గంటలకి డొక్కల మధ్యలో మొదలై కుడివైపుకి జరిగి, వెనక కుడి రెక్క కిందకి పాకేది. మూడు నాలుగు గంటలు ఉండి దానంతట అదే పోయేది. పోయేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, అమ్మతో సహా. మా వీధి చివర వైద్యం చేసే ఆయన ప్రతిసారీ ఒక గ్యాస్ ఇంజెక్షన్ చేసి పంపేవాడు, అదీ తగ్గేసరికి ఆయన మందు గొప్పదనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నొప్పి తీరు చూసి ఎవరో ఒకరు ఒక్క స్కానింగ్ రాసి ఉంటే సరిపోయేది. పొట్టమీద జెల్లు రాసి చేసే మామూలు అల్ట్రాసౌండే. పిత్తాశయంలో (గాల్‌బ్లాడర్‌లో) రాళ్ళు పట్టుకోవడంలో దానికి మించిన సులువైన పరీక్ష లేదు.

అలా నడుస్తుండగా కిందటి సంక్రాంతి వెళ్ళిన వారానికి చెల్లి ఫోన్ చేసి, అమ్మ కళ్ళు పచ్చగా ఉన్నాయన్నయ్యా అంది. నేను హైదరాబాద్‌లో, వాళ్ళు తెనాలిలో. వీడియో కాల్‌లో చూస్తే ట్యూబ్‌లైట్ వెలుగులో ఏమీ తెలియలేదు. మూత్రం ఎలా ఉందని అడిగితే అమ్మ కాసేపు మొహమాటపడి, "టీ డికాక్షన్‌లా ఉంది నాన్నా" అంది. విరోచనం మాత్రం సున్నం రంగులో. ఒళ్ళంతా దురద. పక్కింటి పిన్నిగారు అప్పటికే కామెర్ల పసరు ఎక్కడ పోస్తారో, ఏ వారం వెళ్ళాలో, పోసేముందు ఏం తినకూడదో అన్నీ చెప్పేసి వెళ్ళారు. ఆవిడ మీద నాకు కోపం లేదు, మంచిమనసుతోనే చెప్పారు. కానీ కామెర్లు అనేది ఒక్క జబ్బు కాదు. వైరస్ వల్ల లివరు వాచి వచ్చేవి వేరు, వాటిలో చాలావరకు విశ్రాంతితో వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకి పోతుంది. లివరు నుంచి పైత్యరసం పేగులోకి దిగే గొట్టానికి ఏదైనా అడ్డం పడి వచ్చేవి వేరు. మలం తెల్లబడి మూత్రం నల్లబడుతోందంటే రంగు ఇచ్చే ఆ రసం పేగులోకి దిగకుండా రక్తంలోకి తిరగబడి మూత్రంలో పోతోందని అర్థం. అడ్డాన్ని ఏ పసరూ కరిగించలేదు.

ఆ రాత్రే అమ్మకి చలీ వణుకుతో జ్వరమొచ్చింది. నొప్పి, పచ్చదనం, చలిజ్వరం మూడూ కలిస్తే తెల్లారేదాకా ఆగే పని కాదని నాకు అప్పుడు తెలియదు, చెల్లి ఎందుకో ఆగలేదు, కారు మాట్లాడుకుని గుంటూరు తీసుకెళ్ళిపోయింది. నేను తెల్లారేసరికి చేరాను. వాళ్ళు అమ్మకి ముందుగా తీసింది ఈసీజీ. పొట్టనొప్పికి ఈసీజీ ఏంటని బాబాయి గొడవపడ్డాడు, కానీ అది సరైన పనే, అరవై దాటినవాళ్ళకి పొట్ట పైభాగంలో నొప్పి అంటే గుండె సంగతి ముందు తేల్చుకోవాలి. గ్యాసే అనుకుని సోడా తాగి పడుకుని పోయినవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు.

రక్తపరీక్షలో బిలిరుబిన్, అంటే కళ్ళని పచ్చగా చేసే పదార్థం, 6.8, అందులో డైరెక్టే, అంటే లివరు తన పని చేసి పంపేసిందే, 5.9. మామూలుగా మొత్తం కలిపి ఒకటికి అటూ ఇటుగా ఉండాలి. డైరెక్ట్ అంత ఎక్కువుంటే చాలావరకు లివరు దాని పని అది చేస్తోంది, దారే మూసుకుపోయింది అని డాక్టరు గారు కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. ఆ బొమ్మ నా దగ్గర ఇంకా ఉంది, లివరు బీరకాయలా, పిత్తాశయం వంకాయలా ఉంటుంది. స్కానింగ్‌లో పిత్తాశయం నిండా రాళ్ళు కనపడ్డాయి, గొట్టం కూడా ఉబ్బి ఉంది, కానీ గొట్టం చివర ఏముందో పేగులోని గాలి అడ్డొచ్చి సరిగ్గా కనపడలేదు. అందుకని ఎమ్ఆర్‌సీపీ రాశారు. పేరు చూసి భయపడ్డాం గానీ అది ఎమ్ఆర్ఐ మెషీన్‌లో పడుకోబెట్టి తీసే ఫోటోనే, కొయ్యడం లేదు, గుచ్చడం లేదు, ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాలి, అంతే.

అంతే అన్నాను గానీ అక్కడే గంట పట్టింది. ఒంటిమీద లోహం ఉండకూడదు. గాజులు తీసింది, ముక్కుపుడక తీసింది, పుస్తెలతాడు దగ్గర ఆగిపోయింది. నలభై ఏళ్ళుగా మెడలోంచి తియ్యలేదట. చెల్లి కిందకి పరిగెత్తి పక్క వీధిలో పసుపుకొమ్ము, దారం కొనుక్కొచ్చి, ముడి వేసి మెడలో కట్టాక అప్పుడు తీసిచ్చింది. మెట్టెలు రాలేదు. వేళ్ళు వాచి బిగుసుకుపోయాయి, టెక్నీషియన్ కుర్రాడే కింద కూర్చుని సబ్బు రాసి మెల్లగా తిప్పి తిప్పి తీశాడు. "మీ అమ్మగారివి తీసిన అలవాటుందా బాబూ" అని అడిగింది అమ్మ. రోజూ పదిమందివి తీస్తానండీ అన్నాడు. ఆ కుర్రాడి పేరు అడగడం మర్చిపోయాను.

ఫోటోలో తేలింది, గొట్టం చివర్లో బఠాణీ అంత రాయి. పిత్తాశయంలోంచి జారి అక్కడ ఇరుక్కుంది. దాన్ని తీసేది ఈఆర్‌సీపీ. దీని గురించి కాస్త వివరంగా చెప్తాను, సంతకం పెట్టేముందు నాకు ఎవరైనా ఇలా చెప్పుంటే బాగుండేదనిపించింది కాబట్టి. నోట్లోంచి గొట్టం వేస్తారు, మామూలు ఎండోస్కోపీ లాగే, కానీ దీని కెమెరా ముందుకి కాకుండా పక్కకి చూస్తుంది. జీర్ణాశయం దాటి చిన్నపేగు మొదట్లోకి వెళ్తే, గోడమీద చిన్న మొటిమలాంటిది ఉంటుంది, పైత్యరసం పడేది అక్కడే. ఆ సందులోంచి సన్నటి తీగ పంపి, రంగు మందు ఎక్కించి ఎక్స్‌రేలో దారి చూసుకుని, సందుని కొద్దిగా కోసి వెడల్పు చేసి, చిన్న బెలూన్‌తోనో తీగల బుట్టతోనో రాయిని పేగులోకి లాగేస్తారు. రాయి బయటకి తియ్యరు, విరోచనంలో పోతుంది. బయట ఒక్క గాటు కూడా ఉండదు. 1974లో జర్మనీలోనూ జపాన్‌లోనూ వేర్వేరుగా మొదటిసారి ఇలా సందు కోసి చూపించారు, అంతకుముందు ఇదే రాయికి పొట్ట కోసేవాళ్ళు.

కానీ చిన్న పనేమీ కాదు. పైత్యరసం గొట్టం, క్లోమం (ప్యాంక్రియాస్) గొట్టం రెండూ అదే సందులో కలుస్తాయి, అందుకే దాన్ని కదిలిస్తే క్లోమం వాచే ప్రమాదం ఉంటుంది. నూటికి ఐదుగురికి అటూ ఇటుగా వస్తుందని మాకు ముందే చెప్పారు, ఎక్కువమందికి తేలిగ్గా పోయినా కొందరికి ప్రాణం మీదకి కూడా వస్తుందని దాచకుండా చెప్పారు. అది రాకుండా మలద్వారంలో ఒక మందు పెడతారు కూడా. దారి మూసుకుపోయినవాళ్ళకి రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది కాబట్టి ముందు ఆ పరీక్ష చేసి, విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారు. అమ్మని లోపలికి తీసుకెళ్ళి నలభై నిమిషాలకి బయటకి తెచ్చారు. ఆ నలభై నిమిషాల్లో బాబాయి మూడు టీలు తాగాడు, నేను గోడమీద పోస్టర్‌లో క్లోమం ఎక్కడుందో పదిసార్లు చదివాను. మర్నాడు పొద్దున, క్లోమం వాస్తే రక్తంలో పెరిగే లైపేజ్ చూసి, పెరగలేదు అని చెప్పాక కొబ్బరినీళ్ళు పట్టించారు. పైత్యరసం దిగడానికి లోపల ఒక ప్లాస్టిక్ స్టెంట్, అంటే సన్నటి గొట్టం, పెట్టారు. అది ఆరువారాల తర్వాత మళ్ళీ గొట్టం వేసి తీశారు, ఐదు నిమిషాల పని. చాలామంది బాగానే ఉంది కదా అని స్టెంట్ సంగతి మర్చిపోతారట, అది నెలలకొద్దీ ఉండిపోతే మూసుకుపోయి మళ్ళీ కామెర్లు, జ్వరం. ఆ తేదీ మాత్రం ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

మూడో రోజు పిత్తాశయం తీసేశారు, నాలుగు చిన్న రంధ్రాలతో. "అది తీసేస్తే అరుగుదల ఎలా?" అని అత్తయ్యలందరూ ఫోన్లు. పైత్యరసం తయారుచేసేది లివరు, పిత్తాశయం దాన్ని దాచుకునే సంచి మాత్రమే. సంచి పోతే రసం నేరుగా పేగులో పడుతూ ఉంటుంది. అమ్మ నెలరోజులు నూనె తగ్గించుకుని, ఆ తర్వాత ఉప్మా పెసరట్టు తిని నాకు ఫోటో పంపింది.

సరే, నాన్న దగ్గరకి వద్దాం. ఆసుపత్రి నుంచి వచ్చిన నెలకి ఒకరోజు, ఏదో పొరపాటున బయటపడ్డట్టుగా, రెండేళ్ళుగా అప్పుడప్పుడూ రక్తం పడుతోందని చెప్పారు. మొలలే కదా అని ఆయింట్‌మెంట్ రాసుకుంటున్నారట. ఇది కూడా గ్యాస్ లాంటి మాటే. మన రోడ్ల పక్కన గోడల మీద ఆపరేషన్ లేకుండా మొలలు నయం అని రాసి ఉంటుంది చూడండి, ఆ గోడలు చదివి చదివి రక్తం అంటే మొలలే అని మనకి స్థిరపడిపోయింది. నిజంగా మొలలే అయ్యుండొచ్చు కూడా, చాలామందికి అవే. కాకపోతే అరవైఏడేళ్ళ మనిషికి లోపల చూడకుండా ఆ మాట అనకూడదు. మా పెదనాన్న కొడుకు డాలస్‌లో ఉంటాడు, నలభై ఐదు నిండగానే ఏ బాధా లేకపోయినా వాళ్ళ డాక్టరు కొలనోస్కోపీకి రమ్మన్నాడట. 2021 నుంచి అక్కడ ఆ వయసే పెట్టారు, అంతకుముందు యాభై. మనకి అలాంటి అలవాటు లేదు, కనీసం రక్తం పడితేనైనా వెళ్ళాలి. రక్తం కనపడకపోయినా కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, తారులా నల్లటి విరోచనం, మింగుడు పడకపోవడం, ఇవి ఉంటే పాన్ 40 మింగుతూ కూర్చోకూడదు.

మత్తు ఇచ్చారు, నాన్నకి ఏమీ తెలియలేదు. ఐదడుగుల పెద్దపేగంతా చూసి, ఎడమవైపు ఒక పాలిప్ (పేగు గోడమీద పెరిగే కండ) దొరికిందని నన్ను లోపలికి పిలిచి స్క్రీన్ చూపించారు. గులాబీ రంగు గోడమీద పుట్టగొడుగులా, కాడతో సహా. తీగ ఉచ్చు దాని మెడకి బిగించి కరెంటు ఇచ్చారు, కాడ తెల్లబడి, ఊడి పడింది. చుక్క రక్తం లేదు. కొలిస్తే ఒకటిన్నర సెంటీమీటర్లు. బయాప్సీలో అడినోమా అని వచ్చింది, క్యాన్సర్ కాదు, అలాగే వదిలేస్తే ఏళ్ళు గడిచాక అయ్యే అవకాశం ఉన్న రకం. మొలలు కూడా ఉన్నాయి, చిన్నవి. అంటే నాన్న పూర్తిగా తప్పూ కాదు, ఈ మాట ఆయన ఇప్పటికీ పట్టుకుని వేలాడుతున్నారు.

పరీక్షలో పేగు విచ్చుకోవడానికి లోపలికి గాలి కొడతారు, అయ్యాక అదంతా బయటకి పోవాలి. మెలకువ రాగానే సిస్టర్ వచ్చి "తాతగారూ, గ్యాస్ పోయిందా?" అని అడిగింది. మా వంశంలో ఆ మాటని సరైన అర్థంలో వాడటం అదే మొదటిసారి.

నా సంగతి తొందరగా చెప్పేస్తాను. మూడేళ్ళుగా పులితేన్పులు, పొద్దున్నే బ్రష్ కంటే ముందు పాన్ 40. ఇద్దరిదీ చూశాక సిగ్గేసి నేనూ వెళ్ళాను. ఎండోస్కోపీకి ముందు రెండు వారాలు ఆ మాత్ర ఆపమన్నారు, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా పరీక్షలో లేనట్టు రావచ్చట. మత్తు వద్దన్నాను, ఆఫీసుకి వెళ్ళాలని. గొంతులో చేదు స్ప్రే కొట్టారు, పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టారు, ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు. గొట్టం గొంతు దాటే పది సెకన్లు మాత్రం నరకం, ఆ తర్వాత నోట్లోంచి చొంగ కారుతుంటే ముక్కుతో ఊపిరి పీల్చుకుంటూ పడుకోవడమే. 1868లో కుస్‌మాల్ అనే జర్మన్ డాక్టరు ఇలా జీర్ణాశయంలోకి చూడాలనుకున్నప్పుడు అది వంగని లోహపు గొట్టం, అందుకని కత్తులు మింగే గారడీవాడి సాయం తీసుకున్నాడు. మనది నయం.

లోపల ఎర్రగా వాచి ఉంది, చిన్న ముక్క గిల్లి పసుపు రంగు జెల్ ఉన్న బిళ్ళలో పెట్టారు. కాసేపటికి ముక్క చుట్టూ గులాబీ రంగు పాకింది. హెలికోబాక్టర్ పైలోరి. అది యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది, రంగు మారేది అందుకే. యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని ప్రపంచమంతా అనుకుంటున్న రోజుల్లో, 1984లో, బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు ఈ బ్యాక్టీరియాని పెంచి గ్లాసులో పోసుకుని తానే తాగేశాడు, వారం తిరిగేసరికి వాంతులు, జీర్ణాశయం వాపు. 2005లో ఆయనకీ రాబిన్ వారెన్‌కీ కలిపి నోబెల్ వచ్చింది. ఈ కథ నాన్నకి చెప్తే "రెండు లీటర్లు తాగలేదుగా" అన్నారు.

పద్నాలుగు రోజులు రెండు పూటలా గుప్పెడు మాత్రలు, నోరంతా రూపాయి బిళ్ళ నాకినట్టు చేదు. మధ్యలో ఆపేస్తే బ్యాక్టీరియా మందుకి అలవాటుపడిపోతుందని భయపెట్టారు కాబట్టి మింగాను. కోర్సయ్యాక నెలన్నర ఆగి ఊపిరి పరీక్ష, ఏదో తాగించి సంచిలోకి ఊదమన్నారు. లేదని వచ్చింది.

ఇప్పుడు అమ్మ దగ్గర చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. పిత్తాశయం లోంచి తీసిన రాళ్ళు, ఇరవైమూడు. బీరువాలో నగల పక్కన పెట్టుకుంది, ఇంటికెవరొచ్చినా కాఫీ తర్వాత అవే. నాన్నకి మూడేళ్ళ తర్వాత మళ్ళీ కొలనోస్కోపీ చేయించుకోమన్నారు, అప్పటి క్యాలెండర్ ఇంకా రాలేదు కదా, ఎక్కడ రాసుకోవాలో తెలియలేదు. మొన్న వెళ్ళినప్పుడు చూశాను, వంటింటి అలమర తలుపు లోపలివైపు, సిలిండర్ బుక్ చేసిన తేదీలన్నీ వరసగా పెన్సిల్‌తో రాసి ఉంటాయి, పైన "గ్యాస్" అని పెద్ద అక్షరాలతో. వాటి కింద నాన్న చేతిరాతలో ఆ నెల, సంవత్సరం, పక్కనే బ్రాకెట్లో "2 లీటర్లు".